ఒట్టుకు తగలని మాటలు

పోయిన నెలలో ఒక ఆదివారం ఎమ్మిగనూరులో మా ఇంటికి సమీనా అనే అమ్మాయి వచ్చింది. మనుషులు కావాలని కూర్చుని తయారు చేసుకున్న భాషల మీద ఏదో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోందట. అలాంటి భాషలు లోకంలో చాలానే ఉన్నాయనీ, వాటికి సంఘాలున్నాయనీ, సభలు జరుగుతాయనీ, సభల్లో పోట్లాటలు కూడా అవుతాయనీ చెప్పింది. పోట్లాడుకుంటున్నారంటే అవి నిజమైన భాషలే అయి ఉంటాయని నేనన్నాను. ఆమె ఆదోనిలో పరుపులు కుట్టే మస్తాన్ సాబు మనవరాలు. ఒకప్పుడు ఒక హిందీ అయ్యవారు రోజూ సాయంత్రం నాలుగు వింత మాటలు కాగితం మీద రాసుకొచ్చి, ఇవి ఉర్దూలో లేవు కదా అని అడిగి పోయేవాడని వాళ్ళ తాత చెప్పేవాడట. ఆ అయ్యవారు మా పెద్దనాయన. ఆ మాటలు తెలిసిన మనిషి ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఇంతకుముందు ఏ విషయంలోనూ నాకు ఇంత ప్రత్యేకత లేదు కాబట్టి కొంచెం గర్వంగానే కూర్చున్నాను. సమీనా తన ల్యాప్‌టాప్‌లో రెండు వరుసలు గీసింది. ఒకటి మాటకు, ఒకటి అర్థానికి. మాటల వరుస పది నిమిషాల్లో నిండిపోయింది, నలభై మాటలు. అర్థాల వరుస జొన్నరొట్టె తిన్న తర్వాత కూడా ఖాళీగానే ఉంది. మీకు తెలీదా, చెప్పకూడదా అని అడిగింది ఆ పిల్ల. రెండూ కాదు. అది చెప్పాలంటే మా పెద్దనాయన బండలు పరిపించిన దగ్గర్నుంచీ చెప్పాలి.

మాది గోనెగండ్ల. నాయనకు చిన్న బట్టల అంగడి ఉండేది. మా ఊళ్ళో పైచదువు లేక నన్ను ఆదోనిలో పెద్దనాయన ఇంట్లో పెట్టారు. వాళ్ళకు పిల్లలు లేరు. పెద్దనాయన మునిసిపల్ బడిలో హిందీ చెప్పేవాడు. మనిషి మంచివాడే కానీ ఎవరి మొహమూ చూసి మాట్లాడే అలవాటు లేదు. బడిలో నల్లబల్లతో మాట్లాడేవాడు, ఇంట్లో పేపరుతో. పొద్దున బొరుగుల ఉగ్గాని పళ్ళెం ముందు పెడితే పేపరు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి పళ్ళేన్ని లోపలికి తీసుకునేది. కాసేపటికి ఖాళీ పళ్ళెం బయటికి వచ్చేది. పత్తి కాలంలో జిన్నింగు మిల్లుల వైపు నుంచి దూది పింజలు ఎగిరివచ్చి వంటింట్లో పడేవి, గిన్నెల మీద మూతలు తీయడానికి లేదు. ఇల్లంతా వేగిన పత్తిగింజల వాసన. ఆ పేపరు తెర వెనక్కి పింజలు కూడా పోయేవి కావు. పెద్దమ్మ ఏదన్నా చెబితే "ఊ" అనేవాడు. ఆ "ఊ" ఒక్కటే అన్నిటికీ సరిపోయేది. ఒకసారి పెద్దమ్మ పరీక్షకని, మీ బడి కాలిపోయిందంట అని చెప్పింది. దానికీ అదే వచ్చింది.

పెద్దమ్మ ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఇంటి పిల్ల. మేమంతా ఆ కులంవాళ్ళమే, కాకపోతే పెద్దనాయన చదువుకుని బయటపడ్డాననుకునేవాడు. పెద్దమ్మ కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి మగ్గం తెచ్చుకుంది. నడవలో గుంట తవ్వించి అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేది. డబ్బు కోసం కాదు, ఏడాదికి నాలుగైదు చీరలు, అవీ అక్కచెల్లెళ్ళకే. మధ్యాహ్నం నేను బడి నుంచి అన్నానికి వచ్చేసరికి నాడె అటూ ఇటూ పోయే చప్పుడు వీధి చివరికి వినిపించేది. ఒక వేసవిలో ఆమె తమ్ముడి బిడ్డకు పేరు పెడుతున్నారని పది రోజులు పుట్టింటికి పోయింది. ఆ పది రోజుల్లోనే పెద్దనాయన బడికి కొత్త హెడ్మాస్టరు వచ్చాడు, ఆయన్ని భోజనానికి పిలవాలి. నడవలో గుంట పెట్టుకుని పెద్దమనిషిని ఎట్లా పిలుస్తామన్నది పెద్దనాయన బాధ. గుంట పూడ్పించి, బండలు పరిపించి, మగ్గం కట్టెలు పక్క సందులో హోటలాయనకు ఇచ్చేశాడు. ఆయన పొయ్యిలో పెట్టుకున్నాడు. హెడ్మాస్టరు వచ్చి, బండలు బాగున్నాయని మెచ్చుకుని, తిని పోయాడు. ఆ రోజు భోజనంలోకి బజ్జీలు ఆ హోటలు నుంచే తెప్పించాం. రుచికి ఏ తేడా తెలియలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

పెద్దమ్మ తిరిగి వచ్చి నడవలో నిలబడింది. కాలితో ఒక బండను తట్టి చూసింది. ఏడవలేదు, అరవలేదు. సంచీ కింద పెట్టి, దేవుని గూటి ముందుకు పోయి, "మంత్రాలయం సామి మీద ఒట్టు. ఈ మనిషితో ఇంగ ఒక్క మాట మాట్లాడను" అని, వంటింట్లోకి పోయి పప్పుకు ఎసరు పెట్టింది. మా వైపు ఒట్టంటే ఆషామాషీ కాదు, అందులోనూ ఆ సామి మీద. తప్పితే ఇంట్లోవాళ్ళకు కీడు అని నమ్మకం. పెద్దమ్మకు మనసు మెత్తబడినా నోరు విప్పే దారి లేదు. ఇక ఇంట్లో మాటలన్నీ నా మీదుగా నడిచేవి. "మీ పెద్దనాయనకు సెప్పు, నీళ్ళు కాగినాయని." ఆయన మూడు గజాల దూరంలోనే ఉండేవాడు. అయినా నేను పోయి చెప్పాలి, ఆయన అప్పుడే విన్నట్టు లేవాలి. నాకు పరీక్షలుండేవి. నేను మాటలు కుదించడం మొదలుపెట్టాను. పెద్దమ్మ పది మాటలు చెబితే రెండు చేరవేసేదాన్ని. ఒకసారి ఆమె, "మీ పెద్దనాయనకు దగ్గు ఎక్కువైంది, డాక్టరుకు సూపించుకోమను, నాకు భయంగా ఉంది" అంది. నేను పోయి, డాక్టరు దగ్గరికి పొమ్మంటోంది అని చెప్పాను. ఆయన "పొమ్మంటోందా" అని మొహం ముడుచుకున్నాడు. భయం సంగతి నా దగ్గరే ఆగిపోయింది. తర్వాత ఎప్పుడో మాటల మధ్య అది బయటపడితే పెద్దనాయన నన్ను తిట్టలేదు. చాలాసేపు బండల వైపు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు ఒక పలక తెచ్చాడు. ఒట్టు వేసింది మాట్లాడనని కదా, మాట కానిది నోటితో అంటే ఒట్టు తప్పదు కదా అన్నది ఆయన తర్కం. అందుకని మాట కానివి తయారు చెయ్యాలి. ఆదోనిలో అది తేలిక కాదు. ఏ చప్పుడు చేసినా అది తెలుగులోనో, కన్నడంలోనో, ఉర్దూలోనో ఏదో ఒకటి అయి కూర్చుంటుంది. తెలుగు సంగతి ఆయనే చూసుకున్నాడు. కన్నడానికి పత్తి యార్డులో ఒక హమాలీని పట్టుకున్నాడు, ఉర్దూకు మస్తాన్ సాబు. "బెణ్ణె" అంటే హమాలీ, అది మా ఇండ్లల్ల వెన్న కదప్పా అని కొట్టేశాడు. "ఫీకీ" అంటే మస్తాన్ సాబు, అది ఉప్పు లేని కూర అన్నాడు. అట్లా వందకు పైగా పోయి నలభై మిగిలాయి. లుబి, తొంక, దిళ, వూమి, అట్లాంటివి. వాటిని పలక మీద రాసి, నన్ను పెద్దమ్మ దగ్గరికి పంపాడు. పెద్దమ్మ బియ్యం ఏరుతూ అన్నీ విన్నది. "ఒక్కో దానికి ఒక్కో అర్థం పెట్టుకుంటే అది మాటే అయితాది. సామికి తెల్దా?" అంది. నేను పోయి చెప్పాను, ఈసారి పూర్తిగా. పెద్దనాయన రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు నియమాలు వచ్చాయి. ఏ మాటకూ అర్థం ఉండదు. అనేవాళ్ళు ఎదుటివాళ్ళ మొహం చూసి అనాలి, వినేవాళ్ళు అన్నవాళ్ళ మొహం చూసి వినాలి. చేతిలో ఏముంది, పొద్దా సాయంత్రమా, పొద్దున ఏం జరిగింది అన్నీ చూసుకుని వినేవాళ్ళకు ఏం తోస్తే అదే ఆ పూటకు అర్థం. కాదు, నేనన్నది అది కాదు అనడానికి లేదు, ఇంకో మాట అనుకోవాలి. ఒక మాటను వరసగా రెండుసార్లు ఒకే పనికి వాడకూడదు, వాడితే అర్థం పేరుకుంటుంది. పెద్దమ్మ విని, "మేకను అదిలిస్తే చప్పుడు చేస్తాం, కోడిని పిలిస్తే చప్పుడు చేస్తాం. అది ఒట్టుకు తగలదు. సరే అను" అంది. తననూ మేకల్లో కలిపిందని పెద్దనాయనకు చెప్పాలా వద్దా అని ఆలోచించి, సరే అన్న మాట ఒక్కటే చెప్పాను.

మొదటి నెల వాళ్ళను చూస్తే జాలేసేది. పెద్దమ్మ పళ్ళెం పెట్టి "తొంక" అనేది. పెద్దనాయన పేపరు దించి, ఆమె మొహం చూసి, పళ్ళెం చూసి, మళ్ళీ మొహం చూసి, లేచిపోయి ఊరగాయ జాడీ తెచ్చేవాడు. ఆమె కావాలన్నది అది కాదు. కానీ కాదనకూడదు కదా, "వూమి" అనేది. ఆయన మళ్ళీ చూసేవాడు. అట్లా చూస్తూ చూస్తూ ఆమె మణికట్టు మీద పాత కాలిన మచ్చ ఎప్పటిదని నన్ను అడిగాడు ఒకరోజు. పెళ్ళయినప్పటి నుంచీ ఉంది. ఉగ్గాని చల్లారిపోయేది, పేపరు మధ్యాహ్నానికి వాయిదా పడింది, తర్వాత మానిపించేశాడు. ఆ భాషలో కోపం కూడా సులువు కాదు, కోపగించుకున్నంతసేపూ ఎదుటి మనిషిని చూస్తూనే ఉండాలి. బడిలో కూడా మాస్టరు మొహాలు చూసి పాఠం చెబుతున్నాడని పిల్లలు బెదిరారు, ఇద్దరు హిందీ మానేస్తామని ఇంట్లో గొడవ చేశారట. నేనూ ఆ మాటలు నేర్చుకున్నాను. కానీ ఇద్దరిలో ఎవరో ఒకరి మొహం కనపడకపోతే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అప్పుడు వాళ్ళు ఏమనుకున్నారో అడిగితే చెప్పలేకపోయేవాళ్ళు, చెబితే ఒకరు చెప్పింది ఒకరిది కాదు.

అయినా పెద్దనాయనకు తెలుగు మీద ఆశ పోలేదు. పెద్దమ్మ గోడ మీదుగా పక్కింటామెతో మాట్లాడుతుంటే, నీళ్ళు తాగే నెపంతో గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మం పక్కన నిలబడేవాడు. చింతకాయ పచ్చడి గురించి, బియ్యంలో రాళ్ళ గురించి, ఆమె ఏ ఊసులు చెబుతుందో ఆయనకు అక్కర్లేదు. ఆమె తెలుగు వినడమే కావాలి. గ్లాసులో నీళ్ళు అట్లే ఉండేవి. ఒకసారి నన్ను చూసి సిగ్గుపడి, "సామిని అడిగి ఒట్టు తీయించుకోవచ్చునేమో, మీ పెద్దమ్మకు ఎవురన్నా సెప్తే బాగుంటాది" అన్నాడు. నేను చెప్పాను. నా జీవితంలో అంత పొల్లుపోకుండా చేరవేసిన మాట మరొకటి లేదు.

పెద్దమ్మ మంత్రాలయం ప్రయాణం కట్టింది. నాకు సెలవులని పుట్టింటికి తీసుకుపోతున్నట్టు మాత్రం చెప్పమని, పెద్దనాయనకు ఇంకేమీ చెప్పొద్దంది. ఏటిలో స్నానం చేసి, తడి చీరతోనే మఠంలో ఒక పెద్దాయన దగ్గర కూర్చుని సంగతంతా చెప్పింది. ఆయన కన్నడం కలిసిన తెలుగులో, కోపంలో ఆడిన మాట సామి పట్టించుకోడమ్మా, అది ఏటిలోనే కలిసిపోయింది, అక్షింతలు తీసుకుని పో, ఇంటికి పోయి నోరారా మాట్లాడుకో అన్నాడు. నాకు ఎంత సంతోషమయిందంటే, దూతపని తప్పిందని బస్సులో కిటికీ పక్క సీటు కూడా ఆమెకే ఇచ్చాను. ఎమ్మిగనూరులో బస్సు మారేటప్పుడు మొదటి మాట ఏమనాలో నన్నే అడిగింది. బాగున్నావా అనమన్నాను. అది చుట్టాలను అడిగే మాటని నవ్వింది. ఆదోనిలో దిగి ఇంటికి పోయేసరికి పెద్దనాయన గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె నోరు తెరిచింది. అంతకు ముందే ఆయన ఆమె మొహాన్ని తేరిపార చూశాడు, ఎండకు కందిన బుగ్గలు, తడి ఆరని జుట్టు, చేతిలో పొట్లం అన్నీ చూశాడు. చూసి, మెల్లగా "దిళ" అన్నాడు. పెద్దమ్మ తెరిచిన నోరు అట్లే పెట్టుకుని నిలబడింది. తర్వాత ఏదో ఒక మాట అంది, నలభైలోనిదే. లోపలికి వచ్చాక నన్ను వంటింట్లోకి పిలిచి, మంత్రాలయం సంగతి ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. ఆ వయసులో నాకు కోపం వచ్చింది. ఒట్టు తీయించుకోను పోయి ఒట్టు తెచ్చుకున్నామని గొణిగాను.

ఆమె మనసు మార్చుకుంటుందని ఒక ఏడాది చూశాను. తర్వాత నా చదువయి, ఉద్యోగమయి, పెళ్ళయి నేను ఎమ్మిగనూరు వచ్చేశాను. వాళ్ళ ఇంట్లో ఆ నలభై మాటలే నడిచాయి, ఇరవై ఏళ్ళకు పైగా. నాకు పెళ్ళయిన కొత్తలో అది వట్టి పిచ్చితనంగా తోచేది. ఇప్పుడు అంత ధైర్యంగా అనలేను. మా ఇంట్లో ఏ ఒట్టూ లేదు. తెలుగులో మాటలకు కొదవ లేదు, ప్రతి మాటకూ నిఘంటువులో అర్థం ఉంది. నా భర్త ముందుగదిలో నుంచి గ్యాసు వచ్చిందా అంటారు, నేను వంటింట్లో నుంచి వచ్చింది అంటాను. అర్థం కాకపోవడమన్నది ఎప్పుడూ జరగదు. ఊళ్ళో లేనప్పుడు ఫోనులో పసుపు పచ్చ బొమ్మ మొహం ఒకటి పంపుతారు. నేనూ ఒకటి పంపుతాను. మొన్న నాకు జ్వరం వచ్చి తగ్గిందని ఆయనకు తెలిసింది మందుల చీటీ చూశాకే. నేను ఆయన్ని తప్పు పట్టడం లేదు. ఆయన కళ్ళజోడు మార్చిన సంగతి నాకూ అట్లాగే తెలిసింది.

పెద్దనాయనకు ఊపిరితిత్తులు పాడైతే ఆదోనిలోనే ఆసుపత్రిలో పెట్టారు. నేను సెలవు పెట్టి పోయాను. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పిన రోజు ఆయనే మమ్మల్ని ఓదార్చాడు. మధ్యాహ్నం పెద్దమ్మ క్యారియరు కడగడానికి పోయినప్పుడు నన్ను దగ్గరికి పిలిచి, "ఆమె గొంతు తెలుగులో ఒక్కసారి ఇనాలని ఉంది పాపా. ఒట్టు తప్పిన పాపం నాకు తగల్నీ. ఎట్లాగూ పోతాండాను కదా, దాన్ని గూడ మోసుకపోతా" అన్నాడు. నా నోటి దాకా వచ్చింది. ఆ ఒట్టు ఎప్పుడో ఏటిలో కలిసిపోయిందనీ, ఇన్నేళ్ళూ ఆమె మాట్లాడకపోవడం కావాలనేననీ చెబితే ఆయన ఏమైపోతాడో అనిపించింది. చెప్పకుండా ఉండాలన్నా మనసు ఒప్పలేదు. నేను ఏడ్చాను. నా ఒట్టు నేను తప్పలేదు. కానీ వరండాలో పెద్దమ్మ చేతిలో క్యారియరు తీసుకుని, ఆయన అన్న మాటలు ఒక్కటి కూడా తగ్గించకుండా చెప్పాను.

ఆమె చేతులు తుడుచుకుని లోపలికి పోయింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆమె మంచం పక్కన నిలబడి, తెలుగులో, గోడ మీదుగా పక్కింటామెతో మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"ఒట్టు లేదు. మల్ల ఏడాదే మంత్రాలయం పోయి తీయించుకొని వస్తి."

పెద్దనాయన కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. కోపం వచ్చిందేమో, దుఃఖమేమో, ఊపిరి అందకపోవడమేమో, ఆ మొహంలో నాకు తేడా తెలియలేదు. చివరికి, "మరి ఇన్నేండ్లు ఎందుకు మాట్లాడకుంటివి?" అన్నాడు.

"తెలుగులో సెప్తే నువ్వు నా మొగం సూడవు."

నర్సు వచ్చి సెలైన్ సీసా మార్చి పోయింది. పెద్దనాయన దిండు మీద తల తిప్పడానికి ప్రయత్నించాడు, పెద్దమ్మ సాయం పట్టింది. తల ఆమె వైపు తిరిగాక ఆయన ఆమెను చూశాడు. తొందర లేకుండా, ఇరవై ఏళ్ళుగా రోజూ పొద్దున పళ్ళెం ముందు చూసినట్టే చూశాడు. చూసి ఒక మాట అన్నాడు, నలభైలోనిదే. ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది, సమీనా మొదటి వరుసలో అది ఉంది కూడా. అర్థం అడిగితే మాత్రం నేను చెప్పలేను. ఆ సమయంలో పెద్దమ్మ నా వైపు వీపు పెట్టి నిలబడి ఉంది. ఆమె మొహం నాకు కనపడలేదు.